చెప్పని చలి

ఇస్త్రీ చేసిన నీలం చొక్కా ఎక్కడుందని భర్త ఫోన్ చేసినప్పుడే ఆమెకు చలి మొదలైంది. బీరువాలో రెండో అర, తువ్వాళ్ళ కింద అని చెప్పి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. ముందురోజు కుక్కర్ రబ్బరు కోసం చేశాడు. లుకేమియా వచ్చి ఆసుపత్రి గదిలో ఒంటరిగా పడుకున్నా, సంసారం ఆమెనింకా వదల్లేదు.

మందులకు రక్తంలో తెల్లకణాలు తుడిచిపెట్టుకుపోయాయి. వణుకు పుడితే వెంటనే గంట నొక్కమని నర్సు రోజూ చెప్పేది. గంట తలగడ పక్కనే ఉంది. నర్సు ఇప్పుడే కదా భోజనానికి కూర్చుంది పాపం, తర్వాత చూద్దాంలే అనుకుంది. అలవాటు అలాంటిది మరి. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి ఒంట్లో బాగాలేదని పడుకుంటే, "మా రోజుల్లో జ్వరాలు లేవా తల్లీ" అని అత్తగారు నవ్వుతూనే అంది. ఆ నవ్వు చాలింది. ఆ తర్వాత పురిటినొప్పులు మొదలైనా పొయ్యి మీది పాలు దించాకే చెప్పింది. మా కోడలికి నలతంటే ఏమిటో తెలీదని అత్తగారు వచ్చినవాళ్ళందరి దగ్గరా మురిసిపోయేది. పొగిడి మునగచెట్టెక్కిస్తే ఎవరైనా ఎక్కుతారు. ఎక్కినదాన్ని మళ్ళీ దిగనిచ్చారు గనకనా!

మర్నాడు నర్సు చెయ్యి పట్టుకుని చూస్తే కాలిపోతోంది. రక్తం తీసి పరీక్షకు పంపితే అందులో ఫంగస్ పెరిగింది. చాలామంది పేగుల్లో అణిగిమణిగి ఉండేదేనట, కాపలా లేదని రక్తంలోకి దూరింది. మందులెక్కించడానికి ఛాతీలో పెట్టిన గొట్టం తీసేసి, ఫంగస్‌కి వేరే మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

చలి ఎప్పటి నుంచని డాక్టరమ్మ అడిగింది. నొక్కని గంట సంగతి కూడా బయటపడింది. గుమ్మంలో మాస్కు కట్టుకుని నిలబడ్డ భర్త, "తనంతే డాక్టర్‌గారూ, ఏదీ పైకి చెప్పదు," అన్నాడు, గర్వంగానే.

డాక్టరమ్మ నవ్వలేదు. "చెప్పుంటే మందు ఒకరోజు ముందే పడేది. ఈ జబ్బులో ఒకరోజంటే తక్కువ కాదమ్మా."

ఆమెకు అప్పుడు భయం వేసింది. మంచిపేరుతో సహా చచ్చిపోయేదాన్నే అనుకుంది.

జ్వరం తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం వీపులో మళ్ళీ సన్నగా చలి పాకింది. అంతలో ఫోన్ మోగింది. రేపు ఆడపడుచు వాళ్ళు వస్తున్నారట, పెద్ద గిన్నెలు ఎక్కడ పెట్టావని భర్త. అటక మీద, ఎడమపక్క. నోటిదాకా వచ్చింది.

"నాకు ఒంట్లో బాగాలేదు," అంది.

కొత్తలో ఆ ఒక్కసారి తప్ప, ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట అనడం ఇదే.

"సరేలే, గిన్నెలెక్కడున్నాయో చెప్పి పడుకో."

ఆమె ఫోన్ పెట్టేసి గంట నొక్కింది. నర్సు వచ్చేదాకా వేలు తియ్యలేదు.