లెక్కకు రాని రెండు తూటాలు

మా నాయన పిల్లప్ప చనిపోయిన మూడు నెలలకు పోలీసులు ఆయన్ని స్టేషనుకు రమ్మన్నారు. ఎన్నికలు వస్తున్నాయి కాబట్టి లైసెన్సు తుపాకులన్నీ తూటాలతో సహా శుక్రవారం సాయంత్రంలోగా అప్పగించాలని నోటీసు. చచ్చినవాడి పేరు మీద వచ్చిన ఆ కాగితాన్ని మా తమ్ముడు వసంత్ ఫోటో తీసి నాకు పంపాడు. నేను కోలారు దగ్గర నరసాపురంలో బండ్ల కంపెనీలో పని చేస్తాను. సూపర్‌వైజరు ముఖం మాడ్చుకున్నా లెక్కచేయకుండా రెండు రోజులు సెలవు పెట్టి కామసముద్రం వచ్చాను. మా ఇంట్లో ఏ పనైనా నేను వచ్చి అరిస్తేనే జరుగుతుందని నా నమ్మకం.

ఒంటి గొట్టం తుపాకి అది. పంట కాపలాకని నాయన ముప్పై ఏళ్ల కిందట లైసెన్సు తీసుకున్నాడు. దాంతో ఒక్క జంతువునూ చంపలేదు. పందులొస్తే ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు, అవి పారిపోయేవి. పేల్చిన ప్రతి తూటా డొప్పనూ బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. కొత్తవి కొనాలంటే పాతవి ఏమయ్యాయో చూపించాలి మరి. మా మార్కుల కార్డు మీద సంతకం పెట్టడానికి వారం తీసుకున్న మనిషి, తూటాల పుస్తకం మాత్రం ఏ రోజుది ఆ రోజే రాసేవాడు.

ఏనుగులు అలా పారిపోలేదు. కోతకు రెండు రోజుల ముందు మంద వచ్చి వసంత్ వేసిన నాలుగెకరాల టమాటాను బురద చేసి పోయింది. డ్రిప్పు పైపులు కూడా మిగల్లేదు. వాడు ఉద్యోగం వదిలేసి వచ్చి వేసిన మొదటి పంట అది. నాలుగో రోజు నాయన గుండె ఆగిపోయింది. పంట పోయినప్పటి నుంచి వసంత్ కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. అమ్మ తుపాకిపెట్టె తాళంచెవిని మెడలో తాడుకు కట్టుకుంది. "బంగారం దాచినట్టు దాస్తున్నావే" అని వెక్కిరించాను కూడా.

గురువారం పొద్దున వసంత్‌ను వెంటబెట్టుకుని కోలారులో చెన్నకేశవ గారి తుపాకుల అంగడికి వెళ్లాను. నాయన తూటాలు కొనేది ఆయన దగ్గరే. లైసెన్సు వసంత్ పేరుకు మార్పించి, ఈసారి గట్టి తూటాలు కొనిపించాలని నా పట్టుదల.

"ఏనుగు పడిపోయేది ఏదన్నా ఉంటే చూపించండి," అన్నాను.

ఆయన మూడు తూటాలు తీసి గాజుబల్ల మీద వరసగా నిలబెట్టాడు. "ఇది సన్న రవ్వలది, పిట్టలకు. ఇది ఎల్‌జీ. లోపల పెద్ద గుండ్లు. ఇంగ ఇదో, ఒకటే గుండు. మీ నాయన ఒక్కసారి తప్ప ఎప్పుడూ సన్నవే తీసుకుంటా ఉండె. శబ్దం చాలు స్వామీ అనేటోడు."

"శబ్దానికి పోయే ఏనుగులు కావివి."

"అమ్మా, పంట లైసెన్సంటే చంపేదానికి లైసెన్సు కాదు. ఏనుగు మీద పేలిస్తే జైలే. సరే, ఆయప్ప రాలేదేం?"

చెప్పాను. ఆయన తూటాలు మూడూ తీసి లోపల పెట్టేశాడు.

"మూడు నెల్లా? ఆయప్ప పోయినప్పుడే తెచ్చి అప్పగించాల్సింది కదమ్మా! లైసెన్సు ఆయప్పతోనే పోయె. ఇప్పుడు మీ ఇంట్లో ఉండేది లైసెన్సు లేని తుపాకి. వారసులు అర్జీ పెట్టుకోవచ్చు, ఇస్తారో లేదో వాళ్లిష్టం. ముందు అన్నీ తీసుకుపోయి స్టేషన్లో పెట్టండి." మేం తీసుకెళ్లిన నాయన తూటాల పుస్తకం తిరగేసి వేలు పెట్టి చూపించాడు. "సన్నవి ఏడు, ఎల్‌జీ రెండు. తొమ్మిదీ ఉండాల. ఒకటి తగ్గినా యాడికి పోయెనని ఇంట్లో ఉండే మగోడి మీద కేసు రాస్తారు."

 వసంత్ దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ పెట్టె తాళం తీసింది. తుపాకి ఉంది, డొప్పల డబ్బా ఉంది. తూటాలు మంచం మీద పోసి లెక్కపెట్టాను. ఏడు. మళ్లీ లెక్కపెట్టాను. ఏడూ సన్నవే. ఎల్‌జీ రెండూ లేవు. డొప్పల డబ్బా బోర్లించి వెతికాను, అందులో ఎల్‌జీ డొప్ప ఒక్కటీ లేదు. నాయన పేల్చాడని చెప్పుకునే దారి కూడా లేకుండా పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరికి అమ్ముకున్నావురా?" అని వసంత్ మీద పడ్డాను. "అడవిలో వేటగాళ్లకా? ఏనుగుల మీదికి పోదామని దాచినావా? నీ చేతికి బేడీలు వేస్తే అమ్మ బతుకుతుందా?"

"నేను అమ్మలే అక్కా."

"మరి యాడ ఉండాయి?"

వాడు తల వంచుకున్నాడు. ఇంకో మాట అంటే చెయ్యి చేసుకునేదాన్నే. అప్పుడు గుమ్మం దగ్గరి నుంచి అమ్మ అంది:

"వాణ్ని ఏమీ అనొద్దు. అవి మీ నాయన దగ్గర ఉండాయి."

మాలో చనిపోయినవాళ్లను పూడుస్తాం. పూడ్చే ముందు వాళ్లు రోజూ వాడుకున్నవి పంచెలో కట్టి పంపుతాం. నాయనకు ఆకూ వక్కా, పొగాకు. ఆ రోజు అమ్మ ఆయన నడుముకు ఒక చిన్న మూట కడుతుంటే అందరం చూశాం. పొగాకే అనుకున్నాం. ప్రపంచంలో ఇంకెవరైనా ఇలాంటి పని చేస్తారా అని నెత్తి కొట్టుకున్నాను. లైసెన్సు తూటాలను తీసుకెళ్లి శవానికి కట్టిందే!

"తవ్వాల్సిందే," అన్నాను. 

శుక్రవారం తెల్లవారగానే ముగ్గురం పొలం గట్టుకు వెళ్లాం. నాయనను పూడ్చింది అక్కడే. మట్టి ఇంకా పూర్తిగా కుంగలేదు. నేను మొండిగా నిలబడ్డాను. కన్నతండ్రి గుంత తవ్వడానికి వచ్చిన పాపం ఒకవైపు, తమ్ముడు జైలుకు పోతాడన్న భయం ఒకవైపు. వసంత్ పార ఎత్తాడు. నాలుగు పారల మట్టి తీశాడు. ఐదోది తీయలేక ఆగిపోయాడు.

"అమ్మా," అన్నాడు. "నా దిండు కింద నుంచి తీసింది నువ్వేనా?"

"నేనే," అంది అమ్మ.

"మీ నాయన పోయిన దినం పొద్దున పక్క మడిస్తా ఉంటే చేతికి తగిలినాయి," అంది మళ్లీ. గొంతు పెంచలేదు. "ఏనుగులకని పెట్టుకున్నాడేమోలే అనుకుందామని చూస్తిని. ఏనుగులకైతే దిండు కింద ఎందుకప్పా? పంట పోయినప్పటి నుంచి నువ్వు తినలే, పలకలే. ఇంట్లో దాస్తే నువ్వు వెతుకుతావు. బాయిలో వేద్దామంటే మోటారు చెడిపోతే దిగేది నువ్వే. నీ చెయ్యి పోని చోటు మీ నాయన నడుమొకటే కనిపించె నాకు."

వసంత్ పార వదిలేసి ఆ మట్టిలోనే కూలబడ్డాడు. కాదని అనలేదు. చిన్నప్పుడు ఏడ్చినట్టు నోరు తెరిచి ఏడ్చాడు.

నిన్న అంగట్లో ఏది గట్టి తూటా అని నేను గొంతు చించుకుంటుంటే వీడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. మూడు నెలల కిందటే వీడు తొమ్మిదిలోంచి రెండు ఏరుకున్నాడు. అమ్ముకున్నావా అని అడిగానే తప్ప, ఎందుకు తినడం లేదని ఒక్కసారీ అడగలేదు నేను. సిగ్గుతో చచ్చిపోయాను. పార అందుకుని వాడు తీసిన మట్టి మళ్లీ పోశాను. అమ్మ చేత్తో సర్దింది.

మధ్యాహ్నం స్టేషన్లో తుపాకి, ఏడు తూటాలు, పుస్తకం బల్ల మీద పెట్టాం. ఎస్సై పుస్తకం చూసి, "ఎల్‌జీ రెండు?" అన్నాడు. దారిలో నేను ఒక అబద్ధం అల్లి పెట్టుకున్నాను. నోరు తెరిచేలోపే అమ్మ ముందుకు వచ్చింది.

"నా మొగుడి నడుముకు కట్టి పూడ్చినాను సార్. వీళ్లకు తెలీదు. కేసు రాస్తే నా మీద రాసుకోండి."

"ఎందుకు పూడ్చినావమ్మా?"

"నాకు కొడుకు కావాల సార్."

ఎస్సై వసంత్ వైపు చూశాడు.  చివరికి, "రాసేది రాయాల్సిందే. తహశీల్దారు ఎదుట తవ్వి తీయించాల్సొస్తాది. నిన్ను మళ్లీ పిలుస్తారు," అన్నాడు. అమ్మ వేలిముద్ర వేసింది. ఆమెను ఏం చేస్తారో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

"ఇంగ లైసెన్సుకు వారసుల్లో ఎవరు అర్జీ పెడతారు?"

నేను గుక్క తిప్పుకునేలోపే వసంత్ అన్నాడు: "ఎవరూ వద్దు సార్. మాకు తుపాకి వద్దని రాసుకోండి."

బయటికి వచ్చాక అమ్మ మెడలో తాడు తెంపి ఆ తాళంచెవిని నా చేతిలో పెట్టింది. బస్టాండు దాకా నడిచాం. హోటలు ముందు వసంత్ ఆగాడు.

"అమ్మా, ఆకలైతా ఉండాది."

ఎస్సై ముందు చెక్కుచెదరని మా అమ్మ ఆ మాటకు హోటలు మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లోపల హోటలాయన రాగిముద్ద అయిపోయిందన్నాడు. ఆయనతో నేను పెట్టుకున్న గొడవకు బస్టాండంతా తిరిగి చూసింది. చివరికి మళ్లీ ఎసరు పెట్టించాను. ముద్ద ఉడికేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం.