చల్లారిన బండికే పరీక్ష

ఎనభై నాలుగు వేసవి. దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో చిట్టెమ్మ కాపురముండే గది కిటికీని ఆనుకునే రేకుల షెడ్డు ఉండేది. ఆ వరస మొత్తానికీ నీడంటే అదొక్కటే, అదీ ఒక్క బండికే చాలేది. ఎవరి బండి కొత్తదైతే నీడ వాళ్ళదని డ్రైవర్ల మధ్య ఒప్పందం. ఆ లెక్కన అక్కడ నిలిచేది భోజన్న నడిపే కంపెనీ పికప్పు. పొద్దున్నే ఇంజను వేసి, ఏసీ చల్లబడేదాకా దాన్నలా వదిలేసి, తాను తీరిగ్గా చాయ్ తాగేవాడు. పొగంతా కిటికీలోంచి ఉయ్యాల మీదికే.

ఏడాది నిండని పాపకి ఛాతీలో పిల్లికూతలు. పొగ తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే పొగ. చిట్టెమ్మ మనసు కుదుటపడేది కాదు.

ఆ ఉదయం ఇక ఆగలేక బయటికొచ్చింది. భోజన్న, పక్కగది టాక్సీ డ్రైవరు జానీ బాషా, తన మొగుడు వెంకటరాజు చాయ్ గ్లాసులతో నిలబడి ఉన్నారు.

“అన్నయ్యా, నీ బండి పొగకి పిల్ల ఎగపోత్తందండి.”

“కొత్త బండి చెల్లే! గిది పొగ పెడ్తదా? పొగ సూడాల్నంటె మీ ఆయన వ్యాను ఎన్క నిలవడు,” అన్నాడు భోజన్న.

“అయితే చూద్దారండి. రేపు మూడు బండ్ల గొట్టాలకీ తెల్లగుడ్డ పడతాను. ఎవరి గుడ్డ తెల్లగా ఉంటే నీడ వాళ్ళది.”

“నా డొక్కు టాక్సీకి గూడనా బెహన్?” నవ్వాడు జానీ బాషా.

“డొక్కయితే ఏంటండీ, ఊపిరెలాగుందో చూడాలి గానీ.”

“ఖలాస్! మాటంటే మాటే,” అన్నాడు భోజన్న.

లోపలికొచ్చాక వెంకటరాజు గొంతు తగ్గించాడు. “మన వ్యాన్ని కాస్త చూసీ చూడనట్టు వదిలెయ్యవే. పరువు పోద్ది.”

“పోయిన పరువు మళ్ళీ వత్తాది. పిల్ల ఊపిరి వత్తాదేంటండీ?”

మర్నాడు పాత పంచె చింపి, పాలు పొంగేంత సేపు ఒక్కో గొట్టం ముందు పట్టింది. వ్యాను గుడ్డ పొయ్యి దగ్గరి మసిగుడ్డయింది. టాక్సీదానికి బూడిదరంగు చారలు. పికప్పుది మాత్రం మల్లెపువ్వు.

“సూసిన్రా!” మీసం దువ్వాడు భోజన్న.

చిట్టెమ్మకి నమ్మబుద్ధి కాలేదు. నిన్నటిదాకా గది నింపింది ఆ గొట్టమే. పాప నుదురు చూసినట్టే బానెట్ మీద చెయ్యి వేసి చూసి, చురుక్కుమంటే తీసేసింది.

“అన్నయ్యా, దీనికి జ్వరమొచ్చింది!”

“ఎండకు చెల్లే...”

“ఎండింకా రాలేదండి. తెల్లారకముందే ఊరంతా తిప్పుకొచ్చేవు. కాగిన బండి బుద్ధిగానే ఉంటాది. నా పిల్ల పీల్చేది చల్లారిన బండి పొగ. రేపు మళ్ళీ! నేను చెయ్యేసి చూసేకే తాళం తిప్పాలి.”

“పోలీసోళ్ళకన్నా కడక్ ఉండావే బెహన్!” అన్నాడు జానీ బాషా. భోజన్నకి నవ్వక తప్పలేదు.

మరుసటి ఉదయం మూడు బానెట్లూ చల్లగా ఉన్నాయి. పికప్పు గుడ్డ వ్యాను గుడ్డకి తోబుట్టువైంది. టాక్సీ గుడ్డ మీద నిన్నటి పాటి చారలే.

జానీ బాషా టాక్సీని షెడ్డులోకి తెచ్చాడు. చిట్టెమ్మ దాని వెనక నిలబడి ఓసారి గాలి పీల్చి చూసింది. గుడ్డకి అంటింది కాసిన్ని చారలే, కళ్ళు మాత్రం మండాయి.

“బాషా గారూ, నీడ మీదే. కానీ గుడ్డకి అంటనిది కూడా ఏదో వత్తందండి. షెడ్డులో మాత్రం ఇంజను వెయ్యొద్దు. పొద్దున్నే రోడ్డు దాకా తోసుకెళ్ళి స్టార్టు చేసుకోండి.”

“రోజూ తోసేదేనా? నా నడుం ఏం గావాల?”

“ఓడినోన్ని నేనున్న గదా!” భోజన్న చేతులు మడిచాడు. “ఇంజను బంద్ జెయ్, స్టీరింగు పట్టు. వెంకటరాజూ, నువ్వు గూడ ఓడినవ్, యల్లా, నడువ్!”

కేకలు వేసుకుంటూ టాక్సీని తోసుకుపోయారు. చిట్టెమ్మ లోపలికెళ్ళి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. రోడ్డు మీద ఇంజను అందుకున్న చప్పుడు వినిపించింది గానీ, వాసన రాలేదు.