రేవు మెట్లెక్కుతూ

మా అక్షయ గుండెలో చప్పుడుందని డాక్టరు చెప్పగానే నేను చేసిన మొదటి పని మా అత్తగారి వంక కొరకొరా చూడటం. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి, పక్కన ఆవిడే ఉన్నారు.

పిల్లకి జ్వరమని జగ్గయ్యపేటలో ఎప్పుడూ చూపించే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన స్టెతస్కోపు పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. "గుండె కొట్టుకునేటప్పుడు మధ్యలో చిన్న చప్పుడు వినిపిస్తోందమ్మా. మర్మర్ అంటాం. చాలామంది పిల్లల్లో ఏమీ ఉండదు. అయినా నందిగామలో ఎకో తీయించండి, గుండెకి స్కానింగ్ లాంటిది" అన్నారు. గుండె అన్న మాట తర్వాత నాకేమీ వినపడలేదు. ఏడేళ్ల పిల్ల అది.

ఇంటికి రాగానే అత్తగారు తీర్పు చెప్పేశారు. "పోయిన కార్తీక సోమవారం పూట ఉప్మా తింటే ఇలా కాక ఇంకెలా అవుద్ది? ఉపవాసం ఉండమంటే విన్నావా, యామినీ?"

ఒళ్లు మండిపోయింది. కానీ ఉపవాసాల విషయంలో మా అత్తగారు పుష్పవతితో వాదించే ధైర్యం మా వీధిలోనే ఎవరికీ లేదు. పోయిన కార్తీకంలో ఆవిడ అక్షయని వెంటబెట్టుకుని ముక్త్యాల వెళ్లి, కృష్ణలో స్నానం చేసి, రేవు మెట్లెక్కుతూ స్పృహ తప్పి పడిపోయారు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లారని ఊరంతా చెప్పుకున్నారు. పక్కింటి భారతీదేవిగారైతే వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టి మరీ వెళ్లారు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా నా ఉప్మానే కారణం.

నందిగామ వెళ్లేదాకా అక్షయ కాలు కింద పెట్టకూడదని అత్తగారు ఆర్డరు వేశారు. డాన్సు క్లాసు బంద్. మేడ మెట్లు తనే ఎత్తుకుని ఎక్కించేవారు. పైకి వెళ్లాక రెయిలింగు పట్టుకుని చాలాసేపు రొప్పుతూ నిలబడేవారు. నేను చూశాను. చూసి, ఆవిడ పంతం కదా, పోనీ అనుకున్నాను.

నందిగామకు వారానికోసారి విజయవాడ నుంచి హరిచరణ్ అనే గుండె డాక్టరు వస్తారు. మా ఆయన రాజ్‌కిరణ్ సరుకు కోసం గుంటూరు వెళ్లడంతో అత్తగారు, నేను పిల్లని తీసుకుని వెళ్లాం. చీకటి గది, మిషను, జిగురు చూసి అక్షయ బల్ల ఎక్కనని ఏడుపు అందుకుంది.

"సరే, ముందు నాయనమ్మకి చూద్దాం. నాయనమ్మ ఏడుస్తారేమో నువ్వే చెప్పు" అంటూ డాక్టరు నవ్వుతూ అత్తగారి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టారు. అక్షయ ఏడుపు ఆపి చూసింది. డాక్టరు మాత్రం నవ్వడం మానేశారు. స్టెతస్కోపు జరిపి మెడ పక్కన పెట్టి విన్నారు. తర్వాత పిల్లని బల్ల మీద పడుకోబెట్టారు.

అక్షయ గుండె శుభ్రంగా ఉంది. "జ్వరంలో రక్తం వడిగా పారుతుందమ్మా, ఆ చప్పుడే మీ డాక్టరు గారికి వినిపించింది. పెద్దయ్యేకొద్దీ అదే పోతుంది. మందు లేదు, పథ్యం లేదు. గెంతనివ్వండి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అక్కడే కూర్చుని ఏడ్చాను.

"ఇప్పుడు మీరు పడుకోండమ్మా" అన్నారాయన అత్తగారితో.

ఈసారి చాలాసేపు చూశారు. గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉన్న వాల్వ్ గట్టిపడిపోయి, చిన్న సందు మాత్రమే మిగిలిందట. పిల్ల కోసం దాచుకున్న భయమంతా తిరిగొచ్చి ఈవిడ మీద పడింది.

"ఆయాసం వస్తోందా? ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా?"

"ఒక్కసారేనండి. అది ఉపవాసం వల్ల లెండి" అన్నారు అత్తగారు.

"ఏమీ తినలేదా ఆ రోజు?"

"కార్తీక సోమవారం కదండీ."

"తిన్నావుగా నాయనమ్మా" అంది అక్షయ. "ముక్త్యాలలో స్నానానికి ముందు, ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి మీద. నాకు ఇడ్లీ పెట్టించి నువ్వు కూడా తిన్నావు. నాది వడ కూడా తీసుకున్నావు. అమ్మకి చెప్పొద్దన్నావు."

ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. అత్తగారి మొహం చూశాక నవ్వు రాలేదు.

డాక్టరు పెన్ను పక్కన పెట్టారు. "కడుపు నిండా తిని, మెట్లెక్కుతూ పడిపోయారంటే అది నీరసం కాదమ్మా. ఈ వాల్వ్ మందులకి తెరుచుకోదు, మార్చాల్సిందే. ఛాతీ తెరిచి మారుస్తారు, లేదంటే తొడ దగ్గర రక్తనాళంలోంచి పంపిస్తారు. మీకు ఏది మంచిదో విజయవాడలో పరీక్షలు చేసి చెప్తాం. ఈ వారంలోనే రండి. మళ్లీ పడిపోతే లేస్తారని చెప్పలేను."

తిరుగు దారిలో కారు చిల్లకల్లు దాటింది. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. చల్లగా ఉంది చెయ్యి. "గుండె సంగతి చెప్పు మీ మావయ్యగారికి. ఇడ్లీ సంగతి చెప్పకమ్మా."

ఇంట్లో మావయ్యగారు చెన్నకేశవరావు రిపోర్టు తిరగేసి, మరగేసి, సోఫా మీద పడేశారు. పప్పుల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది, మొదటి రేటుకి ఏనాడూ ఒప్పుకోలేదు. "ఒక్కసారి కళ్లు తిరిగితే గుండె కోస్తామంటారా? కటిక ఉపవాసాలు చేస్తే ఎవరైనా పడిపోతారు. ఈ ఏడు మానేయ్, సరిపోద్ది. వచ్చే కార్తీకం వెళ్లాక చూద్దాం" అన్నారు.

నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ నన్ను చూడలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆవిడే అన్నారు.

"నేను ఆ రోజు ఉపవాసం లేనండి."

మావయ్యగారు తలెత్తారు.

"పిల్లకి పెట్టిస్తూ నేనూ తిన్నా. ఇడ్లీ, వడ. అందరూ దణ్ణాలు పెడుతుంటే చెప్పలేకపోయా."

భారతీదేవిగారి దణ్ణం గుర్తొచ్చి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మావయ్యగారు అరుస్తారనుకున్నాను. నలభై ఏళ్లుగా నలుగురిలో ఆయన చెప్పుకున్న గొప్ప ఆవిడ నిష్ఠ. ఆయన కళ్లద్దాలు తీశారు, సోఫా మీద పడేసిన రిపోర్టు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"తిని కూడా పడిపోయావా, పుష్పా?" అన్నారు.