తొక్కకూడని తీర్థం

రామభద్రపురం దాటి సాలూరు రోడ్డెక్కిన కాసేపటికే వేడి చూపించే ముల్లు సగం గీత దాటింది. ఝాన్సీ ఏసీ ఆపేసింది. ముల్లు ఆగలేదు. అద్దాలన్నీ దించి, హీటరు మీట చివరికంటా తిప్పింది. ఫిబ్రవరి ఎండకి తోడు కాళ్ళ మీదికి సెగ కొట్టింది.

"నీకేటైనా మతి పోయిందేటి?" పక్క సీట్లో ఉన్న భర్త హరిబాబు కాళ్ళు పైకి లాక్కున్నాడు. "ఇంజను వేడెక్కిపోతంటే హీటరేస్తావా!"

"ఇంజను వేడి కొంత ఇటు లాగితే దానికి తెరిపి. డ్రైవింగు మేస్టారు చెప్పారు."

"ఆ మేస్టారు క్లచ్చి మీంచి కాలు తియ్యమని సెప్పలేదేటి?"

వెనక సీట్లో చీరల మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్న అత్తగారు సూర్యకాంతం అందుకుంది. "హరి సేతిలో ఉన్నన్నాళ్ళూ నిక్షేపంలా తిరిగింది బండి."

ఝాన్సీ ఎడమ కాలిని ఇంకాస్త వెనక్కి లాక్కుంది. అప్పటికే పిక్క తీపు పెడుతోంది.

విజయనగరంలో వాళ్ళది చీరల కొట్టు. పైన ఇల్లు, కింద కొట్టు. మూడేళ్ళ క్రితం బేరాలు పలచబడినప్పుడు, ఇంట్లో ఊరికే పడి ఉన్న పాత డీజిలు కారుని ఝాన్సీ బయటికి తీసింది. డ్రైవింగు నేర్చుకుని, మంగళవారం సాలూరు, గురువారం పార్వతీపురం చీరలు పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. టీచర్లూ నర్సులూ ఉండే వీధులు ఆమెకి ఇళ్ళ వరసతో సహా తెలుసు. ఎవరికి అంచు సన్నగా ఉండాలో, ఎవరు ముదురు రంగు ముట్టరో తెలుసు. కొట్లో ఆమె 'ఏమే', ఇంట్లో 'అమ్మాయ్'. సాలూరులో మాత్రం 'ఝాన్సీగారు'.

ఈ శీతాకాలం నుంచీ కారు వేడెక్కుతోంది. మూడుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. రెండు వారాల క్రితం హరిబాబు దాన్ని ఊళ్ళో కొండబాబు షెడ్డుకి తీసుకెళ్ళి వచ్చి తేల్చేశాడు. "బండిలో ఏ రోగమూ లేదట. తోలడంలో ఉన్నాదట. క్లచ్చి మీద కాలెట్టి తోలతంటే ఏ ఇంజనైనా ఉడుకుతాది అన్నాడు." ఆ మాట కొట్లో గుమాస్తాలకి చెప్పాడు. ఫాల్స్ కుట్టే ఆవిడకి చెప్పాడు. ఫోనులో అక్కకి చెప్పాడు. చివరికి అక్క మొగుడు బంగారురాజు గురువారం వచ్చి కారు తోలుకుపోయేలా మాట కుదిరింది. ఝాన్సీ ఇక కొట్లోనే కూర్చుని చీరలు మడత పెట్టుకోవచ్చు. ఇవాళే ఆఖరి సాలూరు. ఆమె ఎలా తోలుతుందో పక్కన కూర్చుని చూస్తానని హరిబాబు బయలుదేరాడు. సాలూరులో చుట్టాలున్నారని అత్తగారూ ఎక్కింది.

సాలూరు మొదట్లో లారీ షెడ్లు కనబడేసరికి ముల్లు ఎర్రగీతలో పడింది. బానెట్ అంచుల నుంచి ఆవిరి లేచింది. ఝాన్సీ బండిని పక్కకి తీసి ఆపింది.

హరిబాబు దిగి, బానెట్ ఎత్తి, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వేశాడు.

"ముట్టకండి!"

రోడ్డు మీద మొగుడిపై అంత గట్టిగా అరవడం ఆమెకి అదే మొదలు. అదే క్షణంలో ఎదురు షెడ్డులోంచి ఇంకో గొంతు వినబడింది. "బాబూ, మూత తీసీకు. మొకం ఉడికిపోతాది!"

వచ్చినవాడు అసిరయ్య. లారీల రేడియేటర్లు బాగుచేసే మేస్త్రి. అరవై దాటిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "సల్లారనీ."

చల్లారేదాకా కూర్చుని, ఆ తర్వాత అడిగాడు. "ఎవలు తోలతారు?"

"ఈవిడే. అదే అసలు రోగం," అన్నాడు హరిబాబు. ఇద్దరు లారీ క్లీనర్లు నవ్వారు.

అసిరయ్య నవ్వలేదు. ఝాన్సీ వైపు తిరిగాడు. "ఎప్పుడు వేడెక్కుతాది తల్లీ? నిలబడ్డప్పుడా, పరిగెడతన్నప్పుడా?"

"నిలబడితే ఫరవాలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, స్పీడులో ఉన్నప్పుడు లేస్తుంది. నీళ్ళు తగ్గట్లేదు. పొద్దున్న కింద చూస్తే మరకా లేదు."

"బండి లాగుతన్నాదా?"

"లాగుతోంది. ఆ విషయంలో తేడా లేదు."

"మరింకేటి? క్లచ్చి మీద కాలెట్టి తోల్తే క్లచ్చి కాలిపోతాది. బండి లాగదు. ఇలా ఉడకదు."

హరిబాబు గొంతు సవరించుకున్నాడు. "మా ఊళ్ళో మెకానిక్కు సూసీసే సెప్పాడు."

"సూసుంటాడు," అని అసిరయ్య పనిలోకి దిగాడు. ఇంజను ఆన్ చేయించి ఫ్యాను తిరుగుతోందని చూశాడు. బెల్టు నొక్కి చూశాడు. రేడియేటరుకి పైనున్న గొట్టం మీద, కిందనున్న గొట్టం మీద చెయ్యి పెట్టి, ఝాన్సీనీ పెట్టమన్నాడు. పైది కాలుతోంది. కిందది చల్లగా ఉంది.

"నీరు తిరగట్నేదు. వేడికి తెరుసుకునే వాల్వు బిగిసిపోయుండాలి, నేకపోతే రేడియేటరు మూసుకుపోయుండాలి."

ఇంజను ఆపించి, మళ్ళీ చల్లారనిచ్చి, ఆ వాల్వు ఊడదీసి, పక్క టీ బడ్డీలో మరుగుతున్న నీళ్ళలో వేయించాడు. కాసేపటికి అది నోరు తెరిచింది. "ఇది మంచిదే," అన్నాడు. తిరిగొచ్చి రేడియేటరు మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పుమంది. క్లీనర్లు ముక్కు మూసుకున్నారు. మేస్త్రి వేలు ముంచి పైకి తీస్తే, విరిగిన పాలలా పచ్చటి ముద్ద అంటుకుని వచ్చింది. పక్కనున్న నీళ్ళ డబ్బా మూత తీసి, వంచిన తీగ లోపలికి పోనిచ్చి ఏదో లాగాడు. నల్లబడిన ఆకు. మూడు రెబ్బలూ అలాగే ఉన్నాయి.

"మారేడు ఆకు! బండిలో శివపూజ సేస్తన్నారేటి సావుకారూ?"

"శివ శివా! అలా తీగతో పొడవకు నాయనా," సూర్యకాంతం గబగబా కారు దిగి వచ్చింది. "అది ముఖలింగం తీర్థం. కార్తీక మాసంలో అభిషేకం సేయించి డబ్బాడు తెచ్చాం. అందరికీ పంచగా సగం మిగిలిపోయింది. ఎక్కడ పడితే అక్కడ పారబోస్తే తొక్కుళ్ళో పడతాది. చెట్టు మొదట్లో పోద్దామంటే మా మేడ మీద తులసి కుండీ తప్ప మరేటీ లేదు. పాలూ తేనే కలిసిన నీళ్ళు పోస్తే తులసి మాడిపోతాది. బండిలో పోస్తే తొక్కుడూ ఉండదు, బండికీ రక్షా అని నేనే అన్నాను. హరి పోసాడు."

"పాలు, తేనె," అసిరయ్య తల పట్టుకున్నాడు. "మరి మూసుకుపోదేటమ్మా?"

వంగి రేడియేటరు కింద చూశాడు. "ఈ బోల్టు ఈమద్దెనే ఎవలో ఇప్పారు. గమ్ము ఇంకా కొత్తగా ఉన్నాది. ఇప్పినోడు ఈ పెరుగు సూడకుండా ఉండడు."

ఝాన్సీ హరిబాబు వైపు చూసింది. అతను రోడ్డు మీద పోతున్న లారీని చూస్తున్నాడు. ఆమె ఫోను తీసి కొండబాబు నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

"కొండబాబూ, మా కారు రేడియేటర్లో ఏముందో ఆ రోజు నువ్వు చూశావా?"

"సూసాను కదా వదినా! పాలు ఇరిగిపోయాయి, ఇప్పి కడగాల అని అన్నకి ఆ రోజే సెప్పాను. ఇప్పుడొద్దు, ఇంట్లో సెప్పకు, అమ్మ బాధ పడతాది అన్నాడు. ఏం, ఇంకా కడిగించలేదా?"

"క్లచ్చి గురించి ఏమన్నావు?"

"క్లచ్చా? నానేటీ అనలేదే!"

ఝాన్సీ ఫోను పెట్టేసింది.

"అమ్మ బాధ పడతాదనే..." అన్నాడు హరిబాబు.

"నేను పడితే ఫరవాలేదన్నమాట."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. పదిమందిలో గొడవేటి?"

"మీరు చెప్పింది పదిమందికే కదా? కొట్లో చెప్పారు. కుట్టే ఆవిడకి చెప్పారు. మీ అక్కకి చెప్పారు. రెండు వారాల్నుంచి ఈ కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చస్తున్నాను. పడుకున్నా వెనక్కే లాక్కుంటున్నాను. నాదే తప్పేమోనని నాకే అనుమానం పుట్టించారు. ఉడికిపోతున్న బండి అని తెలిసీ, మొన్న పార్వతీపురం ఒక్కదాన్నే పంపారు!"

సూర్యకాంతం కొడుకుని ఎగాదిగా చూసింది. "నా పేరెట్టి దాచావట్రా? బండి కడగాలంటే కడిగించమనీదాన్ని. నేనెందుకు బాధ పడతానురా? ఈ పిల్ల సేతిలో బండి ఉండడం నీకిష్టం లేదు. అది సెప్పు." మేస్త్రి వైపు తిరిగి, "అయినా తీర్థం వల్ల కీడు జరగదు," అంది.

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి," అంది ఝాన్సీ. నిక్షేపంలా తిరిగిందన్న మాట ఆమె ఇంకా మరిచిపోలేదు. భర్త వైపు తిరిగింది. "బంగారురాజు అన్నయ్యగారికి ఫోను చెయ్యండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడే."

అతను నంబరు నొక్కి నాలుగడుగులు పక్కకి వేశాడు. ఆమె కూడా నాలుగడుగులు వేసింది.

"బావా, నేను. కారు విషయం... గురువారం రావక్కర్లేదు. ఇవ్వడం లేదు. ఏం లేదు, ఊరికే..."

"ఊరికే కాదు," అంది ఝాన్సీ. "కారణం చెప్పండి."

"...రేడియేటర్లో తీర్థం పోసీసాను బావా. అవును, నేనే. కాదు, తను తోలడంలో ఏటీ లేదు." అవతల బంగారురాజు నవ్వడం అందరికీ వినబడింది.

అసిరయ్య రేడియేటరు ఊడదీసి సోడా కలిపిన వేడినీళ్ళు పట్టాడు. మొదట పచ్చగా, తర్వాత తెల్లగా ముద్దలు ముద్దలుగా వచ్చింది. నీళ్ళు రోడ్డు వైపు పారుతుంటే సూర్యకాంతం కేకేసింది. "తొక్కకండర్రా! ఎంతైనా తీర్థం!" ఖాళీ బకెట్టు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "పట్టు. ఆ కానుగ చెట్టు మొదట్లో పోసిరా."

హరిబాబు ఆరు బకెట్లు మోశాడు. క్లీనర్లు దారి ఇచ్చారు. ఝాన్సీ అటు చూడలేదు. సాలూరులో తన దగ్గర చీరలు కొనే లక్ష్మణమ్మ టీచరుకి ఫోను చేసి, మధ్యాహ్నం కాదు, నాలుగింటికి వస్తానని చెప్పింది. గురువారం పార్వతీపురం బడిలో ఆవిడకి తెలిసిన టీచర్లు ఎవరెవరు ఉంటారో కూడా అడిగింది.

నీళ్ళు తేటగా వచ్చాక అసిరయ్య అన్నీ బిగించి, కూలెంటు నింపి, ఇంజను పావుగంట తిప్పి చూశాడు. కింది గొట్టం కూడా వేడెక్కింది. "వారం తిరిగాక మళ్ళీ ఒకపాలి కడగాల తల్లీ. ముల్లు సూసుకుంటా ఎల్లు." తాళాలు ఆమె చేతికే ఇచ్చాడు.

హరిబాబు తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. "అలిసిపోయుంటావు. ఇటియ్యి, నేను తోలతాను."

ఆమె అతన్ని తప్పించుకుని లోపల కూర్చుని తలుపు వేసుకుంది. పక్క సీట్లో అప్పటికే సూర్యకాంతం ఎక్కి కూర్చుని ఉంది. దిగే ఉద్దేశం ఆమెలో కనబడలేదు. అతను వెనక తలుపు తెరిచి, చీరల మూటలు ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కున్నాడు.

"అవి నలగనివ్వకండి," అంది ఝాన్సీ. ఎడమ కాలు ఇక వెనక్కి లాక్కోకుండా మునుపటి చోటే పెట్టుకుని, గేరు వేసింది.