మూడు కోట్లకు గేట్ పాస్

అబ్బాయి నిజాయితీపరుడని చెప్పి నాకు పెళ్ళి చేశారు. అదొక లోపమని అప్పుడు ఎవరికీ తోచలేదు.

మా ఆయన పనిచేసేది జనాల ఫోటోలూ, ఆసుపత్రుల రికార్డులూ దాచిపెట్టే పెద్ద సర్వర్ల బిల్డింగులో. ఆయన ఉద్యోగం ఒక్కటే, లోపలి డేటా గేటు దాటి బయటికి పోకుండా చూడటం. మా క్వార్టర్స్ కూడా అదే ప్రహరీ లోపల ఉండటంతో నా కాపురమూ ఆ కాపలాలోనే సాగుతోంది. పెన్‌డ్రైవుల సంగతి అలా ఉంచండి, మా అమ్మ వచ్చి వెళ్తుంటే ఆవిడ చెవి మిషన్ తీయించి పరీక్ష చేయించిన మనిషి ఆయన. అది తిరిగి ఇచ్చేదాకా పాపం మా అమ్మ ఎవరేమన్నా అవునవునంటూ తలూపుతూ నిలబడింది.

పెళ్ళయి ఏడేళ్ళు. పిల్లల కోసం రెండేళ్ళుగా క్లినిక్కు తిరుగుతున్నాం. రెండుసార్లు ప్రయత్నించారు, నిలవలేదు. వీర్యకణాలు మూడు కోట్లే ఉన్నాయి, తక్కువ, అని రిపోర్టులో రాశారు. మూడు కోట్లు తక్కువెలా అవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు గానీ, ఆ కాగితం చూసిన రోజు నుంచి ఆయన భోజనం దగ్గర మాట్లాడటం మానేశారు. డాక్టరమ్మ మాత్రం, "ఇంకొక్కసారి చూద్దాం. ఇదీ కుదరకపోతే ఈ పద్ధతి వదిలేయాల్సిందే" అంది.

మొదటి రెండుసార్లూ ఆయన క్లినిక్‌లోనే, నీళ్ళ ఫిల్టరు పక్కనున్న ఇరుకు గదిలో, తలుపు అవతల ఎవరో దగ్గుతుండగా శాంపిల్ ఇచ్చారు. ఈసారి ఇంటి నుంచే తెచ్చుకోమంది నర్సు. "గంట దాటకూడదు. ఒంటికి ఆనించుకుని వెచ్చగా పట్టుకురండి" అని మరీ మరీ చెప్పింది. నాకు మొన్ననే అండం విడుదలకి ఇంజెక్షన్ పొడిచారు. ఈ పూట తప్పితే ఇక అంతే.

ఎనిమిదీ పదికి డబ్బీ నా చేతికొచ్చింది. క్లినిక్కు పాతిక నిమిషాల దారి. అంటే తొమ్మిదికి పావు తక్కువలోపు గేటు దాటాలి. డబ్బీని స్వెట్టర్ లోపల పొట్టకి ఆనించుకుని ఆయన పక్కన కారెక్కాను.

గేటు దగ్గరుండే పెద్దాయన్ని క్వార్టర్స్‌లో అందరం బాబాయ్ అంటాం. రూలు పుస్తకాన్ని మా ఆయన రాస్తే, నమ్మింది మాత్రం బాబాయే. కారు ఆపి కిటికీలోంచి తొంగిచూశాడు.

"అమ్మాయ్, స్వెట్టర్ లోపల ఏంటది?"

"టెస్టుకి శాంపిల్ బాబాయ్. మీ సార్‌ది."

"రక్తమా?"

అవునని అనేసేదాన్నే. నోరు తెరిచాను కూడా. ఈలోపు స్టీరింగు వెనక నుంచి మా ఆయన, "కాదు, వీర్యం" అన్నారు. లోపమని ముందే చెప్పాను కదా.

బాబాయ్ నవ్వలేదు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి పేజీలు తిప్పాడు. "పోయిన నెల క్లాసులో మీరే చెప్పారు కదండీ. డేటా అంటే చిప్పులో ఉండేదొక్కటే కాదు, మగాడి ఒక్కో వీర్యకణంలో లెక్కగడితే ఏడొందల యాభై ఎంబీ దాకా ఉంటుంది అని. ఇదిగో, గీత కూడా కొట్టుకున్నాను."

కునికిపాట్లు పడుతున్నవాళ్ళని లేపడానికి ఆ మాట అన్నారట మా ఆయన. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఊపులోనే రూల్లో 'కంటికి కనిపించినా కనిపించకపోయినా, ఏ రూపంలో ఉన్నా' అని ఒక ముక్క చేర్చి వచ్చారు. తాను తవ్విన గోతిలో తానే పడటం అందరూ చేసేదే. గోతికి కొలతలిచ్చి, దాని మీద క్లాసు చెప్పి మరీ పడినవాళ్ళలో నేను చూసింది ఈయన్నొక్కరినే.

సరే, బాబాయ్‌ని ఏదో కసురుకుని కారు పోనిస్తారనుకున్నాను. "బాబాయ్ చెప్పింది కరెక్టే" అని ఆయన కారు దిగి గేట్ పాస్ ఫారం తీసుకున్నారు.

మొదటి గడి, పరిమాణం. మూడు కోట్లని ఏడొందల యాభైతో హెచ్చవేస్తే బాబాయ్ కాలిక్యులేటర్‌లో సున్నాలు పట్టలేదు. మా ఆయనే నోటిలెక్కన తేల్చారు. "రెండు కోట్ల పాతిక లక్షల జీబీ."

బాబాయ్ నా పొట్ట వైపు చూశాడు. వెనక్కి తిరిగి బిల్డింగు వైపు చూశాడు. "మన బిల్డింగు మొత్తం కలిపితే ఇరవై లక్షలే కదా సార్? అంటే ఇలాంటి బిల్డింగులు పదకొండు అమ్మాయి స్వెట్టర్లో ఉన్నాయా?"

"అన్నీ వేరు వేరు కాదు బాబాయ్. ఉన్న సమాచారమే అటూ ఇటూ కలిపిన ప్రతులు."

"అయినా ఇంత ఉందా సార్" అన్నాడు బాబాయ్, గొంతు తగ్గించి, మర్యాదగా.

రెండేళ్ళలో అది తక్కువని అననివాడు బాబాయ్ ఒక్కడే. మా ఆయన భుజాలు కాస్త లేచాయి. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

రెండో గడి, డేటా ఎవరిది. "సగం మా అమ్మది, సగం మా నాన్నది" అన్నారు ఈయన. అయితే వాళ్ళ అంగీకారం కావాలన్నాడు బాబాయ్. ఫోను స్పీకర్లో పెట్టి మా అత్తగారికి చేశారు. క్లినిక్కుల సంగతి ఆవిడకి మేం చెప్పనే లేదు.

"అమ్మా, నీ నుంచి నాకొచ్చిన సమాచారం బయటికి తీసుకెళ్తున్నాను. నీకేమీ అభ్యంతరం లేదని చెప్పు."

"ఎక్కడికిరా?"

"క్లినిక్కి."

మా అత్తగారు తెలివైన మనిషి. "కోడలు పక్కనుందా?" అంది.

"ఉంది."

"అయితే నాది మొత్తం పట్టుకుపో నాన్నా. మీ నాన్నది మాత్రం చూసుకుని తీసుకెళ్ళు. ఆ ముక్కు వద్దు. ఆ చాదస్తం అసలే వద్దు, ఒకసారి నీకిచ్చి అనుభవిస్తున్నాం."

"నా ముక్కుకేమైందే?" అని వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది. మాట్లాడారు గానీ కాదనలేదు గనక ఒప్పుకున్నట్టే అని బాబాయ్ రాసుకున్నాడు.

మా వెనక నీళ్ళ క్యాన్ల బండి ఒకటే హారన్. డ్రైవరు దిగి వచ్చి, సంగతేంటో విని, మళ్ళీ వెళ్ళి నిశ్శబ్దంగా కూర్చున్నాడు. గడియారం ఎనిమిదీ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది.

"ఇదొక్కటే సార్. తిరిగి వచ్చే వస్తువా, రానిదా? రానిదైతే డైరెక్టర్ గారి సంతకం కావాలి, ఆయన పదింటికి గానీ రారు. వచ్చేదైతే మీ సంతకం చాలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "వచ్చేదే. రాయండి" అన్నాను.

ఆయన పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డారు. "వస్తుందని ఎలా రాయను? రెండుసార్లు రాలేదు. ఇదీ రాదు. తెలిసి తెలిసి అబద్ధం రాయలేను."

అప్పుడు అర్థమైంది నాకు. ఇందాకటి నుంచి ఈయన్ని ఆపింది రూలు కాదు. గేటు దాటకుండా ఉండటానికి ఈయనకో గేటు దొరికింది, అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది. కారు దిగాను.

"మీ రూళ్ళన్నీ ఏడేళ్ళు భరించాను. మా అమ్మ చెవి మిషన్ కూడా భరించాను. ఇది రూలు కాదు, భయం. నాకు లేదనుకున్నారా? రెండుసార్లూ బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అయినా వెచ్చగా ఉండాలన్నారని పొట్టకి అదుముకుని కూర్చున్నాను. రాదని మీకంత గట్టిగా తెలిస్తే చెప్పండి, ఇక్కడే పారబోసి ఇంటికి పోతాను."

బాబాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మా ఆయన నా వైపు చూసి, ఫారం వైపు చూసి, 'తిరిగి వచ్చేది' అని రాశారు. వేళ్ళ మీద తొమ్మిది నెలలు లెక్కపెట్టి తేదీ వేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఆలిని నేనున్నాను, చూలు మాత్రం రాకముందే గేటు కాగితానికెక్కింది.

"వెళ్ళేటప్పుడు మూడు కోట్లు" అన్నాడు బాబాయ్. "వచ్చేటప్పుడు ఎన్ని సార్?"

"ఒకటి."

"కోటా?"

"కాదు. ఒక్కటి."

"తక్కినవో?"

"తరుగు."

"మూడు కోట్లకి ఒకటి మిగిలితే అదేం తరుగు సార్?"

"ఎవరికైనా అంతే బాబాయ్. మీరైనా నేనైనా అలా మిగిలిన ఒకటే."

బాబాయ్ ఆ అంకె చుట్టూ జాగ్రత్తగా సున్నా చుట్టాడు. తర్వాత కొంచెం మొహమాటంగా అడిగాడు. "చెప్పిన తేదీకి రాకపోతే బాధ్యత ఎవరిదని రాయమంటారు?"

మా ఆయన 'నాది' అని రాసి సంతకం పెట్టారు. ఆ మాట రాయడానికి ఆయనకి క్షణం కూడా పట్టలేదు. రెండేళ్ళుగా అన్నం దగ్గర మింగుతున్నది ఈ మాటేనని అప్పుడు చూశాను. పెన్ను లాక్కుని, 'నాది' కొట్టేసి 'మాది' అని దిద్దాను. ఆ గడిలో ఒక్క సంతకానికే చోటుంది. ఆయన పేరు కింద ఇరికించి నా పేరు రాశాను.

బాబాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని గేటు తెరిచాడు.