మెట్లు దిగే గది

పొద్దున్నే గదికి తాళం వేసి, సంచి భుజాన తగిలించుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగడం బుల్లికి అలవాటైపోయింది. ఆ రోజు తొంభై ఒకటి. ముందురోజు తొంభై రెండు. ఐదు నెలల చదువు కోసం ఈ పరాయి ఊరికొచ్చిన మొదటిరోజు నూట యాభై రెండు మెట్లు పెట్టె మోసుకుంటూ ఎక్కేసరికి దేవుడు కనిపించాడు.

ఇంటావిడ అప్పుడే చెప్పింది. పెరట్లో ఉన్న ఆ గదికి ఎన్ని మెట్లుంటే, అందులో ఉన్నవాళ్ళు సొంతింటికి వెళ్ళడానికి అన్ని రోజులున్నట్టు. రోజుకో మెట్టు తగ్గుతుంది, గది ఆ మేరకు కిందికి దిగుతుంది. ఆఖరిరోజు తలుపు తీస్తే ఎదురుగా పెరడే. "మెట్లమీద చెప్పులు విడవకు, పొద్దున్నకి ఉండవు" అని మాత్రం హెచ్చరించింది. పక్కింటివాళ్ళు కూడా గది ఏ నెలలో ఏ అంతస్తుకు దిగుతుందో చూసుకుని ఆ కిటికీకి తెర కట్టుకునేవాళ్ళు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కారు.

బుల్లి అన్నది ఇంట్లో పిలిచే పేరు. అసలు పేరు ఇక్కడివాళ్ళు రెండుసార్లు ప్రయత్నించి, నోరు తిరక్క, దీన్నే పట్టుకున్నారు. చదివేది కట్టుడు పళ్ళ తయారీ. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, పళ్ళు పోయినవాడికి తెలుస్తుంది ఆ చదువు విలువ. వాళ్ళ కాలేజీ నుంచి ఒకళ్ళు ఇక్కడికి, ఇక్కడ్నించి ఒకళ్ళు అక్కడికి మారే ఏర్పాటులో ఆమె పేరు వచ్చింది.

మెట్లు దిగుతూనే ఇంటికి ఫోన్ చేసేది. సగం దిగేసరికి అమ్మ ఎత్తేది.

"తిన్నావా?"

"తిన్నానమ్మా. అక్కేది?"

"స్నానానికి వెళ్ళిందే."

"నిన్న కూడా స్నానమే అన్నావు."

"నిన్నా మొన్నా అంటూ ఆ ఆరాలేంటి? చదువు మీద ధ్యాస పెట్టు."

అక్కకీ బుల్లికీ ఎనిమిదేళ్ళ తేడా. జడలు వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ, అబద్ధమాడితే వీపు విమానం మోత మోగించిందీ అక్కే. కుట్టుమిషన్ మీద పదిమందికి బట్టలు కుట్టి, ఆడపిల్లని అంతదూరం పంపనని భీష్మించుకున్న నాన్నని ఒప్పించి, బుల్లిని ఇక్కడికి పంపిందీ అక్కే. మొదట్లో అమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని, "ఏమే, ఎవరి పళ్ళు రాలగొట్టావు ఇవాళ?" అనేది. ఇప్పుడు పలకడం లేదు. కొలతలకు వెళ్ళింది, పడుకుంది, స్నానం చేస్తోంది. కుట్టు దుకాణంలో పని ఎక్కువై ఉంటుందిలే అని బుల్లి సరిపెట్టుకుంది. అక్క మాట వినక రోజు రోజులా ఉండడం లేదు, అది వేరే సంగతి.

ఆ పరధ్యానం పనిలో తేలింది. నోట్లో పేస్టు పెట్టి తీసిన అచ్చులో ప్లాస్టర్ పిండి కలిపి పోసేటప్పుడు గిన్నెని బల్లకేసి తడుతూ ఉండాలి. గాలిబుడగ ఒక్కటి మిగిలినా ఆ చోట పన్నుకి పన్నే ఉండదు. బుల్లి తట్టడం మరిచిపోయింది. మూడు నమూనాలు పాడయ్యాయి. ఆ వారమే పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ముసలాయనకి ఆమె కట్టిన పళ్ళ వరస ఎత్తుగా వచ్చింది. పెట్టుకుంటే నోరు మూతపడలేదు. ఆయన నోరు తెరుచుకునే వచ్చి, తెరుచుకునే వెళ్ళాడు. పని నేర్పే పళ్ళ మేడమ్ ఏమీ అనకుండా ఆ వరసని బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున బుల్లి తలుపు తీసి, అలవాటుగా లెక్కపెడుతూ దిగింది. పదో మెట్టు ఉందనుకుని వేసిన కాలు నేలకి కొట్టుకుంది. మడమ నుంచి నడినెత్తి దాకా జివ్వుమంది. వెనక్కి తిరిగి చూస్తే, రాత్రి పడుకునేటప్పుడు తొంభై ఒక్క మెట్ల మీదున్న గది తొమ్మిది మెట్ల మీద బుద్ధిగా కూర్చుని ఉంది.

ఇంటావిడ తీగ మీద దుప్పట్లు ఆరేస్తోంది. "తొమ్మిదా?" అంది. "సరే, నీ పరుపు గుడ్డలు ముందే ఉతికేస్తాను."

"ఇలా ఎందుకయింది?"

"నాకేం తెలుసమ్మాయ్, నీ మెట్లు. నీకు ముందున్న కుర్రాడికి ఒకసారి ఇలాగే పడిపోయాయి. పరీక్షలో కాపీ కొట్టి దొరికాడు, పంపేశారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బుల్లికి వెంటనే ఆ పళ్ళ వరసే గుర్తొచ్చింది. తనని తీసేస్తున్నారు. అక్క ముఖం ఎలా చూడాలి? కుట్టి కుట్టి కళ్ళు పోగొట్టుకుని పంపితే, ఒక ముసలాయన నోరు మూయించలేక తిరిగొచ్చానని చెప్పాలా?

మూడు రోజులు మనిషి మనిషి కాదు. అందరికంటే ముందు వెళ్ళి, అందరికంటే వెనక వచ్చింది. ముసలాయన దవడకి మళ్ళీ అచ్చు తీసింది. పిండి కలిపి, చెయ్యి పడిపోయేదాకా గిన్నె తట్టింది. మైనం కరిగించి, ఒక్కో పన్నూ నిలబెట్టి, మేడమ్ చూడకముందే పీకి, మళ్ళీ నిలబెట్టింది. మెట్లు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. ఎనిమిది, ఏడు, ఆరు.

ఆరో మెట్టు రోజు ముసలాయన వచ్చి కొత్త పళ్ళు పెట్టుకున్నాడు. నోరు మూశాడు, తెరిచాడు, మూశాడు. జేబులోంచి గట్టి బిస్కెట్ తీసి కటుక్కున కొరికి, ఇంకేమీ మాట్లాడకుండా నములుతూ వెళ్ళిపోయాడు. మేడమ్ బుల్లిని పక్కకి పిలిచింది.

"పరీక్ష అయ్యాక ఇక్కడే ఉండిపోతావా? నా లాబులో ఒక చోటు ఖాళీ ఉంది."

"నన్ను పంపించేస్తారనుకున్నాను. నా మెట్లు ఆరే ఉన్నాయి."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇక్కడ నిన్ను పంపేవాళ్ళు ఎవరూ లేరే. ఇంటి దగ్గర అందరూ బాగున్నారా?"

బాగున్నారని చెప్పబోయి బుల్లి ఆగిపోయింది. ఎంత శుభ్రమైన మనిషైనా నలభై రోజులు వరసగా స్నానాల గదిలోనే ఉండదు. ఇంత చిన్న సంగతి తట్టనందుకు తన తల తానే బాదుకోవాలనిపించింది. నడవాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"అక్కకివ్వు."

"పడుకుందే, ఇందాకే..."

"అమ్మా, నా మెట్లు ఆరే ఉన్నాయి."

ఆ గది సంగతి అమ్మకి మొదటిరోజే చెప్పింది. అప్పుడు అమ్మ, మెట్లు తగ్గే కొద్దీ నీకు మోకాళ్ళ నొప్పులూ తగ్గుతాయిలే అని ఊరుకుంది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. అక్కకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో మిషన్ మీద రక్తం శుభ్రం చేస్తున్నారు. అదీ ఒంటికి పడటం లేదు. ఎవరైనా కిడ్నీ ఇస్తే తప్ప లాభం లేదన్నారు. అమ్మకి షుగరని వద్దన్నారు. నాన్నకి గ్రూపు కలవలేదు.

"మరి నేను?"

"నీదీ దానిదీ ఒకటే గ్రూపు. నీకు చెప్పొద్దని మా ఇద్దరి చేతా ఒట్టేయించుకుందే. నేను మాత్రం ఏ నోటితో అడగను? ఒక కన్ను పోతోందని ఇంకో కన్ను పీకి పెడతారా ఎవరైనా?" సన్నటి గొంతుతో అడిగింది. "నిజంగా ఆరేనా?"

"ఆరే."

"అయితే వస్తున్నావన్నమాట" అని అమ్మ భోరున ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం ఉంది. సంతోషం వచ్చినందుకు సిగ్గూ ఉంది.

బుల్లికి ముందు కోపం వచ్చింది. దాని వెనకే భయం వచ్చింది, తన ఒంటిమీద కత్తి పడుతుందన్న భయం. ఐదు నిమిషాల క్రితం చేతికందిన ఉద్యోగం నోటికందకుండా పోతోందన్న దిగులూ వచ్చింది. అక్క అలా ఉంటే ఇదా నా ఏడుపు అని తనని తానే తిట్టుకుంది. అయినా దిగులు పోలేదు. అయితే మెట్లు ఆరే ఉన్నాక వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవాల్సిన పని లేదు. ఆ మాట అనుకోగానే ఊపిరి ఆడింది. నేరుగా వెళ్ళి టికెట్ కొనుక్కుంది. పరీక్ష రాయకపోతే సర్టిఫికెట్ రాదనీ, ఆ చోటు తన కోసం ఆగదనీ మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పి, మైనం చెక్కే తన సొంత కత్తి బుల్లి చేతిలో పెట్టింది.

వెళ్ళే రోజు మెట్లు లేవు. గుమ్మం దాటితే పెరడే. "పెట్టె మోసే బాధ లేదు చూడు" అని ఇంటావిడ గేటు దాకా దాన్ని లాక్కొచ్చింది.

ఆస్పత్రిలో అక్కని బుల్లి వెంటనే పోల్చుకోలేకపోయింది. ముఖం ఉబ్బిపోయింది, చేతులు పుల్లలైపోయాయి. చెల్లెల్ని చూడగానే అక్క గోడవైపు తిరిగిపోయింది.

"చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చావు?"

"చెప్పాపెట్టకుండా నువ్వెందుకు జబ్బు తెచ్చుకున్నావు?"

"నోరు మూసుకుని వెళ్ళి పరీక్ష రాసుకో. నాకు నీదేదీ వద్దు."

"సరే, వద్దులే" అని బుల్లి స్టూలు జరుపుకుని మంచం పక్కనే కూర్చుంది. ఎవరి పంతం వాళ్ళది. నర్సు వచ్చి సీసా మార్చి వెళ్ళింది. అమ్మ ఫ్లాస్కు పట్టుకుని లోపలికొచ్చి, ఇద్దరినీ చూసి, చప్పుడు చేయకుండా మళ్ళీ బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపటికి అక్క గోడతో మాట్లాడినట్టు అంది.

"నీ చదువు పాడవుతుందని చెప్పలేదని అమ్మ అనుకుంటోంది. నేనూ అందరికీ అదే చెప్పాను. నిజం అది కాదే. అడిగితే నువ్వు రానంటావేమోనని భయమేసింది. అనకపోయినా, ఒక్క క్షణం ఆలోచిస్తే ఫోన్లో నాకు తెలిసిపోతుంది. అది విని బతకలేననిపించింది." ఇటు తిరిగింది. "అడిగుంటే వచ్చేదానివా?"

వచ్చేదాన్నని చెప్పడానికి బుల్లి నోరు తెరిచింది. అబద్ధమాడితే వీపు పగలగొట్టిన మనిషి ఎదురుగా ఉంది.

"తెలీదక్కా" అంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "నన్నెవరూ అడగలేదు. మెట్లు అయిపోయాయి, వచ్చేశాను."

అక్క ఆమెని అలాగే చూసింది. తర్వాత, నలభై రోజులకి పైగా ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వొకటి నవ్వింది, దగ్గు తెర అడ్డం పడేదాకా. "పోనీలే" అని, బుల్లి చెయ్యి తీసుకుని తన పొట్టమీద పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఇక వద్దనలేదు.

నర్సు మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో సూది, మూడు ఖాళీ గొట్టాలు ఉన్నాయి. "పరీక్షలకి రక్తం తీయాలి. చెల్లెలు ఎవరు? ఏ చెయ్యి ఇస్తారు?"

బుల్లి ఖాళీగా ఉన్న చెయ్యి చాచింది.