వరుసలో మిగిలిన పేర్లు

పెద్దావిడ పెరటి గోడకేసి చొక్కా దులుపుతోంది. రాతిపొడి ఒక్కసారి తడిసిందంటే జేబు మూలల్లో ముద్దకట్టి కూర్చుంటుంది. రాళ్ల మీద పేర్లు చెక్కే మనిషిని కట్టుకున్నాక ఆమె మొదట నేర్చుకున్న పని ఇదే. ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి. అక్షరాల జోలికి పోకుండా, కొట్లో రాతిపలకలు నునుపు చేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. పొడి మాత్రం తగ్గలేదు.

"అమ్మా, మధ్యాహ్నంలోగా చెప్పెయ్యాలి," వంటింటి గుమ్మంలోంచి కేకేసింది కూతురు. విదేశీ యాత్రలకు మనుషుల్ని పంపే ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. "ఈసారి మీ యాత్రలో ఆఖరి రోజు కొందరు సరస్సుకి, కొందరు యుద్ధంలో పోయినవాళ్ల పేర్లున్న గోడకి. రెండూ కుదరవు. మీరిద్దరూ ఎటు?"

"సరస్సుకే," లోపల్నుంచి అన్నాడు ముసలాయన. "మీ అమ్మ నోరు మూయించాలంటే అదొక్కటే దారి."

ఆ మాటా నిజమే. ఏడెనిమిదేళ్ల కిందట ఇద్దరూ అదే దేశం వెళ్లారు. ఆయన తల్లి కడుపులో ఉండగానే తండ్రి యుద్ధానికెళ్లి తిరిగి రాలేదు. ఆ తండ్రి పేరు అక్కడి గోడ మీద ఉందని తెలిసి బయల్దేరాడు. ఆమె మాత్రం సరస్సు కోసం వెళ్లింది. మంచుకొండలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయని బస్సులోవాళ్లు దారి పొడుగునా ఊరించారు మరి.

గోడ దగ్గర ఆయన ఏడవలేదు. తండ్రి పేరులో పాచి పట్టిన అక్షరాలను వేలితో తడిమి, "నీ జడపిన్ను ఇలా ఇవ్వు," అన్నాడు. కాసేపటికి ఆ పేరు తేటపడింది. తీరా చూస్తే పక్క పేరు వెలవెలబోతోంది. మొదలుపెట్టిన వరుస పూర్తికాకుండా లేవడం ఆ చేతికి తెలియదు. ఆమె సీసాలోంచి కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ కూర్చుంది. అక్కడి తోటమాలి గదమాయిద్దామని వచ్చాడు. కాసేపు నిలబడి చూసి, వెళ్లి ఒక బక్కెట్టూ కుంచే తెచ్చిపెట్టాడు. అతని భాష వీళ్లకు రాదు, వీళ్లది అతనికి రాదు. అయినా ఒకింటివాళ్లలా ముగ్గురూ గోడకు అతుక్కుపోయారు. కొండమీంచి చల్లగాలి, కింద లోయలో ఎక్కడో ఆవుల మెడగంటలు. బస్సు హారను కొట్టి కొట్టి గొంతు పోగొట్టుకుంది. చివరికి తోటివాళ్లొచ్చి ఆయన్ని రెక్క పట్టుకుని లేపారు. వరుస చివర కొన్ని పేర్లు అలాగే మిగిలిపోయాయి. వీళ్లు చేరేసరికి సరస్సు మీద చీకటి పడింది, ఆఖరి పడవా వెళ్లిపోయింది.

ఇక అప్పట్నుంచి ఆయనకు దెప్పుళ్లే. కూరలో ఉప్పెక్కువైందంటే, "సరస్సు చూపించని మహానుభావులు, మీకు వంకలు కూడానా!" అంటుంది. ఈ ముక్క పక్కింటివాళ్లకు కూడా కంఠతా వచ్చేసింది.

"అయితే సరస్సని చెప్పెయ్యనా?" అంది కూతురు.

"ఆగవే, ఏం కొంపలంటుకుపోతున్నాయి?"

చొక్కా చేతిలో పట్టుకునే ఆమె సరస్సును ఊహించుకోబోయింది. మనసు అటు పోనంది. తడిసిన రాతి వాసన, వంగిన ఆయన మెడ, తన చీర కుచ్చిళ్ల మీద పడ్డ పచ్చటి పాచి మరకలు కళ్లకు కట్టాయి. ఇన్నేళ్లుగా దెప్పుతున్న వంకతో తను ఆ పూటకే తిరిగి తిరిగి వెళ్తోందని ఆమెకు అప్పుడు తట్టింది.

"గోడకే," అంది.

ముసలాయన గబగబా బయటికొచ్చాడు. "మతిగానీ పోయిందా? ఇంకో ఎనిమిదేళ్లు నా ప్రాణం తీద్దామనా?"

"తీస్తాను, నా ఇష్టం. మీరు సగంలో వదిలేసిన వరుస జీవితంలో అదొక్కటే. నిద్రలో కూడా దుప్పటి గీకుతుంటారు, నాకు తెలీదా?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "వెళ్లి మాత్రం ఏం చెయ్యను? వీటితో గ్లాసు పట్టుకుంటే సగం నేలపాలవుతోంది."

"ఈసారి నీళ్లు మీరు పొయ్యండి. అక్కడ ఒలికినా అడిగేవాళ్లుండరు. పాచి నేను తీస్తాను."

"నాన్నా, గోడేగా మరి?" అంది కూతురు.

ఆయన భార్యవైపు ఓసారి చూశాడు. వీధిగుమ్మం పక్కనున్న చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. కుడిది ఎడమకు పడింది, అయినా వంగి సరిచేసుకోలేదు. "మంచి కుంచె ఒకటి కొనుక్కొస్తా," అంటూ తలుపు దగ్గరగా వేసి వీధిలోకి వెళ్లిపోయాడు.